కారిడార్ చరిత్ర – 17: దిగే దారి లేని రోడ్డు

(గత సంచిక తరువాయి)

నార్సింగి పక్కనుంచి ఔటర్ రింగ్ రోడ్డు 2008 నుంచీ నడుస్తోంది. గచ్చిబౌలి – శంషాబాద్ ముక్కను ఆ ఏడాదే తెరిచారు. అదే ఏడాది మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది కాబట్టి, మొత్తం వలయంలో ఆ ముక్కకే తొందర ఎక్కువ. 158 కిలోమీటర్ల చుట్టూ పూర్తయ్యేసరికి మరో పదేళ్లు పట్టింది. అయితే ఆ రోడ్డుతో నార్సింగి వాళ్లకున్న సంబంధం విచిత్రమైనది. ఎనిమిది వరసల రోడ్డు ఊరిని ఆనుకునే పోతుంది, బండ్ల హోరు రాత్రంతా ఇళ్లలోకి వినిపిస్తుంది. కానీ దాని మీదికి ఎక్కాలన్నా దిగాలన్నా సర్వీసు రోడ్డు పట్టుకుని ఇంకో చోటికి పోవాలి. 2023 జులైలో నార్సింగి ఇంటర్‌చేంజ్ తెరిచాక ఆ తిప్పలు తప్పాయి. అసలు రోడ్డు గజం కూడా పెరగలేదు. కొత్త సాంకేతికత ఏదీ రాలేదు. అయినా గండిపేట, మంచిరేవుల, పుప్పాలగూడ వైపు జనానికి ఆ రోడ్డు ఆ రోజే పుట్టినట్టయింది. చరిత్ర పుస్తకాల్లో రోడ్డు తెరిచిన తేదీ ఉంటుంది, దిగుడు దారి తెరిచిన తేదీ ఉండదు. ఈ వారం వ్యాసమంతా ఆ రెండో రకం తేదీల గురించే.

ఈ ధారావాహికలో ఇంతదాకా సైబరాబాద్‌ను నిలబెట్టిన వస్తువులను ఒక్కొక్కటిగా చూస్తూ వచ్చాం. ఇక తేల్చాల్సిన ప్రశ్న ఒకటి మిగిలింది. గడిచిన మూడు నాలుగు దశాబ్దాల్లో వచ్చిన ఆవిష్కరణల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఏది? ఏడాది చివర్లోనో, దశాబ్దం మారినప్పుడో పత్రికలు వేసే జాబితాలు అందరికీ తెలిసినవే. పర్సనల్ కంప్యూటర్, ఇంటర్‌నెట్, సెల్‌ఫోన్, జన్యు పరిజ్ఞానం, ఇప్పుడు కృత్రిమ మేధ. వరస మారుతుంది, పేర్లు పెద్దగా మారవు. వీటిలో అబద్ధం ఏమీ లేదు. లోపమల్లా ఎంపిక పద్ధతిలో ఉంది. చేతికి తగిలేది, కంటికి కనిపించేది, కొని ఇంటికి తెచ్చుకోగలిగేది జాబితాలోకి సులువుగా ఎక్కుతుంది. ఆ వస్తువు పది మందికీ పనికొచ్చేలా చేసిన ఏర్పాటు మాత్రం, దానికి ఆకారం లేదు కాబట్టి, బయటే ఉండిపోతుంది. నార్సింగిలో నిలబడి జాబితా రాస్తే రోడ్డు పేరు రాస్తాం, ఇంటర్‌చేంజ్ పేరు మరిచిపోతాం.

కాబట్టి ముందు తూకం రాయి కుదుర్చుకోవాలి. నా దృష్టిలో ఆవిష్కరణ ముఖ్యత్వాన్ని రెండు ప్రశ్నలతో కొలవవచ్చు. దాన్ని తీసేస్తే దాని మీద ఆధారపడి ఎన్ని ఆగిపోతాయి? దాన్ని కనిపెట్టినవాడి అనుమతి అడగకుండా ఎంతమంది దాని మీద తమ పని కట్టుకోగలిగారు? మొదటి ప్రశ్న అందరూ వేసేదే. రెండోది అరుదుగా వేస్తారు, కానీ ఆర్థిక చరిత్ర పదేపదే చూపించేది దాన్నే. ఓడల మీద సరుకు పంపే ఇనుప పెట్టెనే తీసుకోండి. మాల్కం మెక్లీన్ అనే అమెరికన్ లారీల వ్యాపారి 1956 ఏప్రిల్‌లో 58 పెట్టెలను నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు ఓడలో పంపాడు. ఆ రోజు అది ఒక కంపెనీ తెలివితేటలు మాత్రమే. ఒకరి పెట్టె ఇంకొకరి క్రేనుకు పట్టనంతకాలం అది అలాగే ఉండేది. పెట్టె మూలల్లో కొక్కెం తగిలించే బిగింపు మీద తనకున్న పేటెంటును మెక్లీన్ రుసుము లేకుండా వదులుకున్నాక, అరవయ్యోదశకంలో అంతర్జాతీయ కొలతలు కుదిరాక, ప్రపంచ వాణిజ్యం రూపు మారింది. పెట్టెను కనిపెట్టడం తెలివి. పెట్టె కొలత మీద అందరూ ఒప్పుకోవడం ఆవిష్కరణ.

ఈ మాట సైబరాబాద్‌కు ఎలా వర్తిస్తుందో చూడాలంటే హైటెక్ సిటీ అద్దాల మేడల కన్నా అమీర్‌పేట ఇరుకు గదులను చూడటం మేలు. 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికే మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు కిటకిటలాడుతున్నాయి. 2000 సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు తేదీల దగ్గర తడబడతాయన్న భయంతో అమెరికా కంపెనీలు కోబాల్ అనే కంప్యూటర్ భాష తెలిసినవాళ్ల కోసం వెతుకుతున్న రోజులవి. నల్లగొండ నుంచో, ఏలూరు నుంచో వచ్చిన పిల్లలు మూడు నెలలు కోర్సు చేసి డల్లాస్‌లోని యంత్రం మీద పని చేయగలిగారంటే కారణం ఏమిటి? పిల్లల తెలివి సరే, కష్టం సరే. అంతకన్నా ముందు, అమీర్‌పేటలో నేర్చిన కోబాల్, ఆ తర్వాత జావా, డల్లాస్‌లోనూ అవే కావడం. కంప్యూటర్ల మధ్య మాటామంతీకి ఒకే పద్ధతి ఉండాలని 1983 జనవరి 1న అమెరికా పరిశోధనా నెట్‌వర్కు మొత్తం ఒకే ప్రోటోకాల్‌కు మారడం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరులో సొంత ఉపగ్రహ లింకుతో పని మొదలుపెట్టింది. సొంత లింకు పెట్టుకోలేని చిన్న కంపెనీలకు అదే సౌకర్యాన్ని ఉమ్మడిగా అందించడానికి 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఏర్పడింది. హైదరాబాద్‌లో దాని తొలి చిరునామా మైత్రీవనమే. అక్కడ కూడా వస్తువు ఉపగ్రహం. ఊరును మార్చింది ఆ ఉపగ్రహాన్ని పంచుకునే ఏర్పాటు.

ఒప్పందం లేకపోతే ఎలా ఉంటుందో ఈ నేలకు బాగా తెలుసు. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవాళ్లు. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దారు అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. నార్సింగి రైతు కార్వాన్‌లోనో బేగంబజార్‌లోనో సరుకు అమ్మితే చేతికి హాలీ వచ్చేది. సరిహద్దు దాటి బెజవాడకో కర్నూలుకో పోవాలంటే సాహుకారు దగ్గర బట్టా ఇచ్చి మార్చుకోవాలి. అవతలి ఊళ్లో ఉన్న చుట్టానికి పది రూపాయలు పంపడం కూడా లెక్కలతో కూడుకున్న పనే. వెండికి కొదవ లేదు, టంకశాలకు కొదవ లేదు. చార్మినార్ బొమ్మ ముద్రించిన ఆ నాణేలు పనితనంలో దేనికీ తీసిపోయేవి కావు. కొరత అంతా రెండు నాణేల మధ్య ఒప్పందానిదే. రాజ్యం విలీనమయ్యాక 1951లో హాలీ ముద్రణ ఆగింది, 1959 నాటికి చెలామణి పూర్తిగా పోయింది. రెండేళ్ల ముందు, 1957 ఏప్రిల్ 1న, అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. ఆ వెంటనే సేర్లు, మణుగులు పోయి కిలోలు వచ్చాయి. రాకెట్లు, అణు రియాక్టర్ల సందడిలో ఆ దశాబ్దపు జాబితాల్లో వీటికి చోటు దొరకలేదు. కానీ సంతలో నిలబడ్డ మనిషి బతుకును అవి మార్చినంతగా రాకెట్లు మార్చలేదు.

అలాంటిదే ఇంకోటి మన రోజుల్లో జరిగింది. దాని తొలి చిరునామా కూడా హైదరాబాదే. నార్సింగి నుంచి లంగర్‌హౌజ్, మెహదీపట్నం మీదుగా పోతే మాసాబ్ ట్యాంక్ దగ్గర క్యాజిల్ హిల్స్ మీద ఐడీఆర్‌బీటీ అనే సంస్థ కనిపిస్తుంది. దానికి హైటెక్ సిటీ మేడల హంగు లేదు. బ్యాంకింగ్ సాంకేతికతలో పరిశోధన కోసం రిజర్వు బ్యాంకు 1996లో దీన్ని నెలకొల్పింది. దీని వెనక కథ పాతది. 1984లోనూ 1989లోనూ రంగరాజన్ కమిటీలు బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టాలన్నాయి. ఉద్యోగాలు పోతాయని సంఘాలు అడ్డుపడ్డాయి. మెల్లగా కంప్యూటర్లు వచ్చాయి, కానీ ఏ బ్యాంకు కంప్యూటరు ఆ బ్యాంకుదే. ఒక బ్యాంకుకు తెలిసింది పక్క బ్యాంకుకు తెలియాలంటే మళ్లీ కాగితమే నడిచి వెళ్లాలి. బ్యాంకులన్నిటికీ ఒకే నెట్‌వర్కు ఉండాలన్న ఆలోచన సరఫ్ కమిటీది. ఆ సిఫారసు మీదే ఐడీఆర్‌బీటీ పుట్టింది. 1999లో ఆ సంస్థ ఇన్‌ఫినెట్ అనే ఉపగ్రహ నెట్‌వర్కును నడిపించింది. 2001లో బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ఒకే నమూనాను తయారు చేసింది. అందరూ ఒకే ఫారంలో రాయాలి, ఒకే గడిలో ఒకే సంగతి ఉండాలి. చెప్పుకోవడానికి ఇంత చప్పగా ఉండే పని ఇంకోటి ఉండదు. తర్వాత జరిగిందంతా ఆ చప్పదనం మీదే నిలబడింది.

ఏటీఎం కథలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. దేశంలో మొదటి ఏటీఎం 1987లో ముంబైలో హెచ్‌ఎస్‌బీసీ పెట్టింది. ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా ఏటీఎం అంటే ఎవరి యంత్రం వాళ్లదే. స్టేట్ బ్యాంకు కార్డు ఆంధ్రా బ్యాంకు యంత్రంలో చెల్లదు. ఒకే వీధిలో నాలుగు యంత్రాలున్నా మీ కార్డుకు పనికొచ్చేది ఒకటే. 1997లో బ్యాంకుల సంఘం ముంబైలో స్వధన్ అనే ఉమ్మడి నెట్‌వర్కు పెట్టింది. అది నిలవలేదు, 2003తో మూతపడింది. 2004 ఆగస్టులో మూడు బ్యాంకులతో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ మొదలైంది. దాన్ని కట్టి నడిపింది మాసాబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీయే. స్విచ్ అంటే లైటు మీట లాంటిది అనుకోవద్దు, తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరు చేసే బల్ల లాంటిది. పరాయి బ్యాంకు యంత్రంలో కార్డు పెట్టగానే ఆ యంత్రం కార్డు నంబరు, అడిగిన సొమ్ము, రహస్య సంఖ్య గుట్టు రూపాన్ని ఒక సందేశంగా కట్టి స్విచ్‌కు పంపుతుంది. కార్డు నంబరులో మొదటి కొన్ని అంకెలు చూసి స్విచ్ అది ఏ బ్యాంకు కార్డో తెలుసుకుంటుంది. ఆ బ్యాంకును అడుగుతుంది. ‘ఇవ్వొచ్చు’ అన్న జవాబు వస్తే అదే దారిన వెనక్కు పంపుతుంది. అప్పుడు యంత్రం నోట్లు లెక్కపెడుతుంది. ఇదంతా కొన్ని క్షణాల్లో అయిపోతుంది. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నది తర్వాత బ్యాంకులు తీరిగ్గా సరిచూసుకుంటాయి. స్విచ్ చేతికి డబ్బు తగలదు. అది మాట మోస్తుంది, అంతే. ఆ మాటను అన్ని బ్యాంకులూ ఒకే అర్థంలో వినడం దాని బలం.

2009 ఏప్రిల్ 1 నుంచి ఏ బ్యాంకు ఏటీఎంలోనైనా రుసుము లేకుండా డబ్బు తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ ఏడాది అక్టోబర్‌లో పరిమితులు పెట్టారు, కానీ మౌలికమైన మార్పు అప్పటికే జరిగిపోయింది. ఆ డిసెంబర్‌లోనే స్విచ్‌ను కొత్తగా ఏర్పడిన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ చేతికి అప్పగించారు. అప్పటికి దాని మీద సుమారు యాభై వేల ఏటీఎంలున్నాయి. హైదరాబాద్‌లో నాటిన మొక్క ముంబై తోటలోకి మారింది. ఆ సంస్థ 2010 నవంబర్‌లో ఐఎంపీఎస్ తెచ్చింది. అర్ధరాత్రయినా ఆదివారమైనా ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు వెంటనే డబ్బు పోయే ఏర్పాటు అది. దాని మీద కట్టిన తర్వాతి అంతస్తే 2016 ఏప్రిల్‌లో 21 బ్యాంకులతో ప్రయోగాత్మకంగా మొదలైన యూపీఐ. ఇంతకుముందు బ్యాంకులకే పరిమితమైన ఒప్పందంలోకి ఇప్పుడు ఫోను యాప్‌లు కూడా చేరాయి. మీది ఏ యాప్ అయినా, అవతలివాళ్లది ఏ బ్యాంకు అయినా పర్వాలేదు. 2016 అక్టోబర్‌లో నెల మొత్తానికి లక్ష లావాదేవీలు. 2025 ఆగస్టులో ఒక్క నెలలో 2,000 కోట్లు దాటాయి.

ఈ గొలుసులో చివరి కొక్కెం నార్సింగి చౌరస్తాలో కొబ్బరిబోండాల బండికి అతికించిన కాగితం. అది తయారైంది డబ్బు కోసం కాదు, కారు విడిభాగాల కోసం. జపాన్‌లో టయోటా కుటుంబానికి చెందిన డెన్సో సంస్థలో మసాహిరో హారా, మరికొందరు కలిసి 1994లో క్యూఆర్ కోడ్ కనిపెట్టారు. పాత గీతల కోడ్‌లో ఇరవై అక్షరాలు పట్టడం కూడా కష్టమే, ఒక్కో పెట్టెకు పది కోడ్‌లు చదవాల్సి వచ్చేది. ఆ కాగితాన్ని దగ్గరగా చూడండి. మూడు మూలల్లో మూడు పెద్ద చదరాలుంటాయి. నడిమధ్య నుంచి ఏ గీత అడ్డంగా గీసినా వాటిలో నలుపు తెలుపులు 1, 1, 3, 1, 1 పాళ్లలో వస్తాయి. అచ్చు కాగితాల్లో అన్నిటికన్నా అరుదుగా కనిపించే నిష్పత్తి ఏదో వెతికి మరీ దీన్ని ఎంచుకున్నారు, కెమెరా పొరపడకూడదని. నాలుగో మూల ఖాళీ ఉండటం వల్ల కాగితం ఎటు తిరిగి ఉన్నా కెమెరాకు తలకిందులు తెలుస్తుంది. ఒకే సంగతిని కొంత అదనంగా రాసి పెట్టడం వల్ల, ఎక్కువ రక్షణతో ముద్రించిన కోడ్‌లో దాదాపు మూడో వంతు పాడైనా చదవగలరు. ఎండకు వెలిసి, కొబ్బరి నీళ్లు చింది, మూల చిరిగిన కాగితం ఇంకా పని చేసేది అందుకే. ఆ గళ్లలో డబ్బు లేదు, ఒక చిరునామా ఉంది. అన్నిటికీ మించి, పేటెంటు తమదే అయినా వాడుకునేవాళ్ల మీద దాన్ని ప్రయోగించబోమని డెన్సో ప్రకటించింది. మెక్లీన్ పెట్టె విషయంలో జరిగిందే ఇక్కడా జరిగింది. యజమాని పట్టు సడలించాక ఊరంతా దాన్ని సొంతం చేసుకుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఇదంతా సెల్‌ఫోన్ పుణ్యం కదా, ఫోను లేకపోతే ఆ కాగితం ఎందుకు పనికొస్తుంది అని. దేశంలో మొదటి సెల్‌ఫోన్ మాట 1995 జులై 31న నడిచింది. 2016 నాటికి చవక డేటాతో స్మార్ట్‌ఫోన్ తోపుడు బండి దాకా వచ్చింది. ఫోను లేనిదే ఇది లేదన్నది నిజమే. కానీ ఫోను ఉన్న ప్రతిచోటా ఇది రాలేదు. జపాన్‌లో 2004లోనే ఫోనుతో డబ్బు కట్టే సౌకర్యం వచ్చింది. ఫోనులో ప్రత్యేక చిప్, కొట్టులో ప్రత్యేక యంత్రం, రకరకాల కంపెనీల రకరకాల ఖాతాలు. ఇంత ముందు మొదలైనా నగదును అది కదిలించలేకపోయింది. కెన్యాలో 2007లో మామూలు మీటల ఫోను మీద ఎం-పెసా వచ్చి అద్భుతం చేసింది, కానీ అది ఒక టెలిఫోన్ కంపెనీ పెరట్లో పూసిన పువ్వు. చైనాలో క్యూఆర్ కోడ్ వీధి వీధినా వెలిసింది, కానీ చాలాకాలం ఒక కంపెనీ కోడ్‌ను ఇంకో కంపెనీ యాప్ చదివేది కాదు. ఫోను నాలుగు చోట్లా ఉంది, ఫలితం నాలుగు రకాలుగా ఉంది. తేడా వస్తువులో లేనప్పుడు ఏర్పాటులోనే వెతకాలి. 2020 నవంబర్‌లో బ్రెజిల్ కేంద్ర బ్యాంకు పిక్స్ పేరుతో ఉమ్మడి ఏర్పాటు తెచ్చింది. అక్కడా ఇదే వేగంతో జనం దాన్ని అందుకున్నారు. భాష వేరు, ఖండం వేరు, ఒప్పందం తరహా మాత్రం ఒకటే.

రెండో అభ్యంతరం నోట్ల రద్దు గురించి. 2016 నవంబర్ 8 దెబ్బకు జనం గత్యంతరం లేక ఫోను పట్టుకున్నారు, ఇందులో ఆవిష్కరణ గొప్పతనం ఏముందని అడగవచ్చు. ఆ దెబ్బ తగలకపోతే ఈ అలవాటు ఇంత త్వరగా అబ్బేది కాదు, ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ నెలల్లో ముందు లాభపడింది యూపీఐ కాదు, ప్రైవేటు వాలెట్లు. అప్పట్లో ఒక వాలెట్‌లోని డబ్బు ఇంకో వాలెట్‌కు పోయేది కాదు. మళ్లీ పాత ఏటీఎం కథే, హాలీ – కల్దారు కథే. కొంతకాలానికి నోట్లు వెనక్కు వచ్చాయి, చెలామణిలో ఉన్న నగదు రద్దుకు ముందున్న స్థాయిని దాటింది. బలవంతం పోయింది, వాలెట్ల వెలుగు తగ్గింది. ఒప్పందం మీద కట్టింది మాత్రం నెలనెలా పెరిగింది. బలవంతం జనాన్ని తలుపు దాకా తోసింది. లోపల నిలబెట్టింది, ఎవరికైనా పంపగలగడమే.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. ప్రాణం కన్నా డబ్బు గొప్పదా? హైదరాబాద్ నుంచే ఉదాహరణ చెప్పొచ్చు. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. జన్యు మార్పిడి పద్ధతిలో దేశంలో తయారైన మొదటి టీకా అది. పరిశోధన ఉస్మానియాలో మొదలై సీసీఎంబీలో సాగింది. అంతకుముందు దిగుమతి టీకా సామాన్యుడికి అందని ధరలో ఉండేది. పోటీ వచ్చాక ధర పడిపోయింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చాక ఆ టీకా ఇతర దేశాల పిల్లలకూ చేరింది. నిలిచిన ప్రాణాల లెక్క తీస్తే టీకాదే పైచేయి, వాదన పెట్టుకోను. కానీ ఆ టీకా కథలోనూ మన సూత్రం పని చేయడం చూడండి. జన్యు మార్పిడి పద్ధతిని 1973లో కనిపెట్టిన కోహెన్, బోయర్ల పేటెంటును స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒక కంపెనీకి కట్టబెట్టకుండా అడిగిన వందలాది కంపెనీలకు ఇచ్చింది. బయోటెక్ పరిశ్రమ అంత వేగంగా విస్తరించడానికి అదొక కారణం. సీసాలోని మందు పిల్లవాడి తొడ దాకా చేరడానికి అన్ని రాష్ట్రాలూ పాటించే ఒకే టీకాల పట్టిక కావాలి. హెపటైటిస్-బి టీకా ఆ జాతీయ పట్టికలో దేశమంతటికీ విస్తరించడానికి 2011 దాకా పట్టింది. తయారైన పద్నాలుగేళ్లకు. రోడ్డు ఎప్పుడో వేశారు, దిగే దారి తర్వాత వచ్చింది.

ఇక నాలుగోది. మీరు చెప్పేవన్నీ చిన్న సౌకర్యాలు, అసలైన ఆవిష్కరణలు పాతకాలంలోనే అయిపోయాయనేవాళ్లున్నారు. అమెరికన్ ఆర్థికవేత్త రాబర్ట్ గోర్డన్ వాదన ఇదే. కొళాయి నీళ్లు, మరుగుదొడ్డి వదులుకుంటారా, స్మార్ట్‌ఫోన్ వదులుకుంటారా అని ఆయన అడుగుతాడు. గండిపేట పక్కన నిలబడి ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఈ గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, 1920 నుంచి నగరానికి నీళ్లిచ్చింది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడన్న మాట ఊరికే పుట్టలేదు. గోర్డన్ ప్రశ్నకు నా జవాబు ‘నీళ్లే’. కానీ ఆ ప్రశ్న మనం వేసుకున్నది కాదు. మనది గత కొన్ని దశాబ్దాల లెక్క, నూరేళ్ల లెక్క కాదు. పైగా కొత్తదాని ఫలం ఆలస్యంగా పండుతుంది. ఎడిసన్ విద్యుత్ కేంద్రం న్యూయార్క్‌లో 1882లో మొదలైంది. ఫ్యాక్టరీల ఉత్పాదకత దూసుకుపోయింది 1920లలో. ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో దీనికి కారణం విప్పి చూపాడు. మొదట్లో యజమానులు ఆవిరి యంత్రం తీసేసి అదే చోట పెద్ద మోటారు పెట్టారు, పాత పట్టీలు, ఇరుసులు అలాగే ఉంచారు. ఒక్కో యంత్రానికి ఒక్కో చిన్న మోటారు పెట్టి, ఫ్యాక్టరీ అమరికే మార్చాక లాభం కనిపించింది. విద్యుత్తు విషయంలోనూ ఆలస్యమైంది వస్తువు కాదు, అమరిక.

చివరి అభ్యంతరం నేనే లేవనెత్తాలి. అందరినీ కలిపే దారిలో దొంగలూ నడుస్తారు. పక్క బ్యాంకు యంత్రం కార్డును చదవలేని రోజుల్లో, వేల కిలోమీటర్ల దూరాన కూర్చున్నవాడు ముసలావిడ పింఛను డబ్బు క్షణంలో కాజేయడం సాధ్యం కాదు. ఇప్పుడు సాధ్యం. సైబర్ మోసాల ఫిర్యాదుకున్న 1930 నంబరు ఇవాళ ఇంటింటికీ తెలియాల్సిన నంబరు కావడానికి కారణం అదే. ఒప్పందం ఉమ్మడిదే అయినా దాని మీది రాకపోకల్లో సుమారు 80 శాతం ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండు యాప్‌లలోనే సాగుతున్నాయి. ఏ ఒక్క యాప్ వాటా 30 శాతం మించకూడదన్న నిబంధన 2020లో రాశారు, అమలును 2026 చివరి దాకా వాయిదా వేశారు. 2025 ఏప్రిల్ 12న వ్యవస్థ కొన్ని గంటలు మొరాయిస్తే దేశమంతా ఒకేసారి చిల్లర కోసం జేబులు తడుముకుంది. 2020 నుంచి కొట్టువాడి దగ్గర రుసుము తీసుకోవడం లేదు కాబట్టి ఈ రోడ్డు మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలన్నదీ తేలని లెక్కే. ఇవన్నీ నిజమైన లోపాలు. అయితే అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. వస్తువు పాతబడితే కొత్తది కొంటాం. ఒప్పందాన్ని అలా పారేసి కొత్తది తెచ్చుకోలేం, దాన్ని కాపలా కాయాలి, పంచుకోవాలి, తగవులు తీర్చాలి. రెండు నాణేల మధ్య బట్టా తినే సాహుకారు పోయాక రెండు యాప్‌లు ఆ గద్దె ఎక్కకుండా చూడటం అందులో భాగమే. ఇంత కాపలా అవసరమైందంటే దాని మీద ఎంత బరువు మోపామో తెలుస్తోంది. మన మొదటి తూకం రాయి కొలిచేది ఆ బరువునే.

ఇప్పుడు జాబితా రాయమంటే పై వరసలో నేను ఫోను రాయను, ఇంటర్‌నెట్ అన్న మాటా రాయను. హైదరాబాద్ వరకు చూస్తే, 2004లో మాసాబ్ ట్యాంక్‌లో మూడు బ్యాంకులతో మొదలైన స్విచ్ పేరు రాస్తాను. దాన్ని తీసేస్తే ఐఎంపీఎస్ నిలవదు, యూపీఐ నిలవదు, కొబ్బరి బండి మీది కాగితం ఉత్త గళ్ల బొమ్మ అవుతుంది. మొదటి ప్రశ్నకు అది నిలుస్తుంది. దాని మీద కట్టుకున్న యాప్‌లలో ఏ ఒక్కటీ దాన్ని కట్టినవాళ్ల ఊహలో ఉన్నది కాదు. రెండో ప్రశ్నకూ నిలుస్తుంది. ఆ స్విచ్‌కు సైబర్ టవర్స్‌లా బొమ్మ లేదు. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికినప్పుడు వచ్చిన పతాక శీర్షికల్లాంటివి దానికి రాలేదు.

దాని గుర్తు వెతకాలంటే జనం నోట వినిపించని ఒక మాటలో వెతకాలి. డెబ్బయి ఎనభై ఏళ్ల కింద ఇదే దారిన పోయే బాటసారిని ‘హాలీయా, కల్దారా?’ అని అడిగేవాళ్లు. పాతికేళ్ల కింద కొలువు దొరికిన కుర్రాడిని ‘నీ కార్డు ఏ బ్యాంకుది?’ అని అడిగేవాళ్లు. నార్సింగి చౌరస్తాలో బోండం కొట్టించుకునేవాడిని ఇప్పుడు ఎవరూ ఏమీ అడగరు. కత్తి దెబ్బకు బోండం మూత లేస్తుంది, ఫోను కాగితం వైపు వంగుతుంది, చిన్న పెట్టె తెలుగులో సొమ్ము చెప్తుంది. బండివాడు అప్పటికే ఇంకో బోండం చేతిలోకి తీసుకున్నాడు.

(సశేషం. వచ్చే సంచికలో: గండిపేట కట్ట మీద నుంచి చూస్తే నగరం)